మూడుసార్లు దాటించినా మా గుర్రానికి చూలు నిలవడం లేదు, గర్భసంచిలో నీరు ఉందంటున్నారు

గౌరి_రాజోలు:

అందరికీ నమస్కారమండి. ఈ గ్రూపులో ఎక్కువగా గేదెల సంగతులే నడుస్తాయని తెలుసు. నాది గుర్రం బాధ. గుర్రాల గురించి తెలిసినవాళ్ళు ఒక్కరున్నా చాలని రాస్తున్నాను. కాస్త పెద్దదయింది, ఓపిగ్గా చదవండి.

మాది రాజోలు దగ్గర లంక ఊరు. గుర్రం పేరు గౌరి. మార్వారీ జాతి, చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి ముట్టుకుంటాయి. వయసు 13. పెళ్ళి ఊరేగింపులకు, దేవుడి ఉత్సవాలకు తీసుకెళ్తాం. మా నాన్న వయసులో ఉండగా పాలకొల్లులో జట్కా తోలేవారు. ఆటోలు వచ్చి ఆ పని పోయాక కూడా ఇంట్లో గుర్రం లేకుండా ఉండలేకపోయారు. కొబ్బరికాయల మీద వచ్చిన డబ్బు కూడబెట్టి గౌరిని కొన్నారు. ఆయన పోయి రెండేళ్ళు. చివరి నెలల్లో మంచం వాకిట్లో వేయించుకుని దాన్నే చూస్తూ, "దీని కడుపున ఒక ఆడపిల్ల పుడితే బాగుణ్ణురా" అనేవారు. అందుకే ఈ ప్రయత్నం, అమ్ముకోవడానికి కాదు.

గౌరి అయిదేళ్ళ క్రితం ఒకసారి ఈనింది. రాత్రి పదకొండింటికి మగపిల్ల పుట్టింది. మాయ మాత్రం మర్నాడు మధ్యాహ్నానికి గానీ పడలేదు. గేదెల్లో చూసిన అలవాటు కదా, అదే పడుతుందిలే అనుకుని ఊరుకున్నాం. మూడో రోజుకి ఒళ్ళు కాలిపోయింది, గిట్టలు ముట్టుకుంటే వేడి, కాలు కింద పెట్టలేదు. నెల రోజులు వైద్యం చేయిస్తే లేచింది. పిల్ల మూడో నెలలో పాము కరిచి పోయింది. ఆ తర్వాత మళ్ళీ దాటించలేదు.

ఈ ఏడు మాఘంలో ఒకసారి, ఫాల్గుణంలో ఒకసారి, చైత్రంలో ఒకసారి దాటించాం. మగ గుర్రం నరసాపురం అవతల ఉంది. ట్రక్కులో ఎక్కించి సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటాలి. పంటు కదలగానే ముందరి కాళ్ళు ఎడంగా పెట్టి, గడ్డం నా భుజం మీద ఆనించి నిలబడుతుంది. అవతలి రేవు వచ్చేదాకా అలాగే ఉంటుంది. ప్రతిసారీ ఎదకు వచ్చిన రెండో రోజు, మూడో రోజు వరసగా దాటించాం. ఎక్కువసార్లయితే మంచిదని అందరూ చెప్పారు.

ప్రతిసారీ 13, 14 రోజులకే మళ్ళీ ఎద చూపించింది. తోక వెంట్రుకలు కింది వైపు అట్టలు కట్టి ఉంటున్నాయి, కడిగితే తెల్లటి జిగురు వస్తోంది. రెండోసారి తర్వాత, గేదెలకు సూదులు వేసే ఒకాయన గొట్టంతో లోపలికి గోధుమరంగు మందు ఎక్కించారు. అది అయొడిన్ అట. గౌరి ఆ రోజంతా ముక్కింది, వీపు వంచి నిలబడింది. మూడోసారి తర్వాత అయిదు రోజులు యాంటీబయాటిక్ ఎక్కించారు. మొన్న ఒక డాక్టరు గారు స్కాను చేసి "లోపల నీరుంది, ఇది ఇక చూలు కట్టదు, వదిలెయ్యండి" అన్నారు. తెర మీద నల్లగా మచ్చలా కనపడింది.

అసలు ఆ నీరు ఏమిటి? ఎందుకు చేరుతుంది? ఇంకో కోర్సు యాంటీబయాటిక్ వేయించమంటారా? నిజంగా వదిలెయ్యాల్సిందేనా? టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టడం లేదు.


ముర్రా_ఇల్లు:

తమ్ముడూ, నాకు గుర్రాలు తెలియవు. ఏడు గేదెలు ఉన్నాయి. మా ఇంట్లో ఒక గేదె అయిదుసార్లు తిరగబొర్లింది, అంటే చూలు నిలవక మళ్ళీ ఎదకు వచ్చింది. ఊళ్ళో పశువులకు చూలు సూదులు వేసే గోపాలమిత్ర అబ్బాయి చూసి ఎదలో కారే జిగురు తీగలు స్వచ్ఛంగా లేవు, మజ్జిగ చుక్కల్లా ఉన్నాయి అన్నాడు. డాక్టరు గారు వచ్చి లోపలికి మందు ఎక్కించి, ఒక ఎద వదిలేసి తర్వాత ఎదకు చూలు సూది వేయమన్నారు. అలాగే చేస్తే నిలిచింది. ఖనిజ లవణ మిశ్రమం రోజూ దాణాలో కలిపాను, మొలకెత్తిన శనగలు పెట్టాను. మీరు కూడా ఒక ఎద ఆపి చూడండి. ఆవులకీ గేదెలకీ పనిచేసిన అయొడిన్ మందు గుర్రానికి ఎందుకు పడలేదో మరి. మీ నాన్నగారి మాట చదివి మనసు అదోలా అయిపోయింది.


పాలకొల్లు_పశువైద్యురాలు:

రాజోలు బాబూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. 31 ఏళ్ళు గోదావరి జిల్లాల్లోనే పనిచేసి రిటైర్ అయ్యాను. చేతికి వచ్చిన కేసుల్లో నూటికి తొంభైకి పైగా గేదెలే. గుర్రాలు తక్కువ. అందుకే వాటి విషయంలో చేసిన తప్పులు బాగా గుర్తున్నాయి, వాటిలో ఒకటి కింద చెప్తాను.

మీరు రాసినదాంట్లో అన్నిటికంటే విలువైన ముక్క 13 రోజులకే మళ్ళీ ఎదకు రావడం. ఆరోగ్యంగా ఉన్న ఆడగుర్రం ఎద నుంచి ఎదకు 21, 22 రోజులు తీసుకుంటుంది. అండం విడుదలైన చోట ఒక చిన్న గడ్డ ఏర్పడి, గర్భాన్ని నిలిపే హార్మోను ఇస్తుంది. గర్భసంచి లోపలి పొర వాచి ఉంటే అక్కడినుంచి ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం ముందే విడుదలై ఆ గడ్డను కరిగించేస్తుంది. దాంతో వారం ముందే మళ్ళీ ఎద. అంటే లోపల వాపు ఉందని గౌరి మీకు మూడుసార్లూ చెప్పింది. ఆ తేదీలు గుర్తుపెట్టుకున్నందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి, చాలామంది పెట్టుకోరు.

ఇక నీరు సంగతి. గేదెకూ గుర్రానికీ ఇక్కడే పెద్ద తేడా. ఆంబోతు గేదెను దాటినప్పుడు వీర్యం యోనిలోనే పడుతుంది. గర్భసంచి ముఖం బిరుసైన మడతలతో మూసుకుని ఉంటుంది కాబట్టి చెత్త అంత తేలిగ్గా లోపలికి పోదు. గుర్రానికి ఎదలో ఆ ముఖం మెత్తగా, వదులుగా జారిపోయి ఉంటుంది. మగ గుర్రం వీర్యం నేరుగా గర్భసంచిలోనే పడుతుంది. దానితోపాటు దుమ్ము, వెంట్రుక, సూక్ష్మజీవులు కూడా పోతాయి. అందుకే దాటించిన ప్రతిసారీ, ఎంత ఆరోగ్యమైన గుర్రానికైనా లోపల వాపు వస్తుంది. అది జబ్బు కాదు, శుభ్రం చేసుకునే పద్ధతి. తెల్లరక్తకణాలు వచ్చి చచ్చిన వీర్యకణాలనీ సూక్ష్మజీవులనీ తినేస్తాయి, గర్భసంచి ముడుచుకుని ఆ మురుగును బయటికి తోసేస్తుంది. బాగున్న గుర్రానికి ఒకటి రెండు రోజుల్లో అంతా అయిపోతుంది.

కొన్ని గుర్రాలకు అలా తోసే శక్తి తగ్గిపోతుంది. వయసు మీద పడినవి, ఈతలో దెబ్బతిన్నవి, మాయ నిలిచిపోయినవి ఈ కోవలోకి వస్తాయి. గర్భసంచి బరువుగా పొట్టలోకి వేలాడిపోయి, బయటికి దారి పైన, నీరు కింద అవుతుంది. మీది లంక ఊరు కదా, ఇది మీకు వేరే చెప్పక్కర్లేదు. మురుగు కాలువ కంటే చేను పల్లంలో ఉంటే వానాకాలం ఏమవుతుంది? నీరు దిగదు. ఎంత మంచి విత్తనం వేసినా, ఎంత ఎరువు చల్లినా నారు కుళ్ళుతుంది. ఆ స్కానులో మీరు చూసిన నల్లమచ్చ దిగని మురుగు.

ఫలదీకరణ అయిన పిండం, అండం వచ్చే గొట్టంలోనుంచి గర్భసంచిలోకి దిగేది ఆరో రోజు ప్రాంతంలో. అప్పటికి అక్కడ ఆ నీరు ఉంటే అది బతకదు. బతికినా, గుర్రం పిండానికి ఇంకో ప్రత్యేకత ఉంది. 16వ రోజు దాకా ఒకచోట కుదురుకోదు. గర్భసంచి ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకు తిరుగుతూనే ఉంటుంది. అలా తిరిగితేనే తల్లి ఒంటికి "కడుపు నిలిచింది" అని తెలుస్తుంది. లోపల వాపు, పెద్ద నీటి బుడగలు, అతుకులు ఉంటే ఆ తిరుగుడు ఆగిపోతుంది, తల్లి ఒళ్ళు దాన్ని గుర్తించదు, మళ్ళీ ఎదకు వస్తుంది.

ఇప్పుడు మందుల సంగతి. ముర్రా_ఇల్లు అమ్మా, మీరు అడిగింది మంచి ప్రశ్న. గుర్రం గర్భసంచి లోపలి పొర గేదెదానికంటే చాలా సున్నితం. గేదెకు పెట్టే పాళ్ళలో అయొడిన్ పోస్తే గుర్రానికి పొర కాలిపోతుంది. నా మొదటి పోస్టింగులో ఒక జట్కా గుర్రానికి నేనే అలా పోశాను. గేదెకు వాడిన సీసా, గేదెకు వాడిన కొలత. తర్వాతి ఎదకు చూస్తే యోని గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, వేలు కూడా దూరలేదు. ఆ గుర్రం మళ్ళీ ఎప్పుడూ ఈనలేదు. ఎన్‌రోఫ్లాక్సాసిన్ ఇంజక్షన్‌ను నేరుగా లోపలికి ఎక్కించినా ఇంతే, పుండు పడి మచ్చ మిగులుతుంది. కాబట్టి మీకు గట్టిగా చెప్తున్నాను: ఇంకో కోర్సు వద్దు. ఏ సూక్ష్మజీవో తెలియకుండా యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ పోస్తే మంచి సూక్ష్మజీవులు పోయి బూజు పెరుగుతుంది. బూజు పట్టిన గర్భసంచిని బాగుచెయ్యడం ఇంకా కష్టం.

అయిదేళ్ళ కిందటి మాయ గురించి ఒక మాట. ఇది చదివే గుర్రాలవాళ్ళందరికీ చెప్తున్నాను. గేదెకు మాయ పడటానికి సగం రోజు పట్టినా మనం కంగారు పడం. గుర్రానికి మూడు గంటలు. మూడు గంటలు దాటి మాయ పడకపోతే అది అత్యవసరం, అర్ధరాత్రయినా డాక్టరును లేపాలి. లోపల కుళ్ళిన విషం రక్తంలో కలిసి గిట్టల్లో వాపు తెస్తుంది. గౌరి గిట్టలు వేడెక్కింది అందుకే. చేత్తో పట్టి లాగడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి, ముక్క లోపల తెగి ఉండిపోతుంది. దాన్ని మీరు కావాలని చెయ్యలేదు, తెలియక జరిగింది. ఇప్పుడు దాన్ని పట్టుకుని బాధపడవద్దు.

మీరు నాకు ఒక పని చేసిపెట్టాలి. రేపు పొద్దున్నే, ఎవరినైనా తల దగ్గర పట్టుకోమని, మీరు పక్కన నిలబడి తోక ఎత్తి చూడండి. మలద్వారం లోపలికి గుంటపడి ఉందా? మానం (యోని బయటి ద్వారం) నిలువుగా ఉందా, పైభాగం ముందుకి వాలి అరుగులా ఉందా? రెండు పెదవులూ గట్టిగా ఒకదానికొకటి ఆని ఉన్నాయా? శుభ్రంగా కడిగి ఆ పెదవులను మెల్లిగా విడదీస్తే లోపలికి గాలి పీల్చిన చప్పుడు వస్తుందా? చూసింది చూసినట్టు రాయండి. మందు గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.


గౌరి_రాజోలు:

డాక్టరమ్మ గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు వాకిట్లోనే కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళకు ఒకరు విడమరిచి చెప్పారు.

ఈ ఉదయం ఆరింటికి చూశాను. మా అబ్బాయి కళ్ళెం పట్టుకున్నాడు. రోజూ ఒళ్ళు రుద్దుతాను, స్నానం చేయిస్తాను, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అక్కడ ఇలా చూడలేదు. మలద్వారం గుంటలా లోపలికి పోయి ఉంది. దాని కింద మానం పైభాగం మీరన్నట్టే వాలుగా అరుగులా ఉంది. ఆ అరుగు మీద ఎండిన పేడ ముక్క ఒకటి ఆగి ఉంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి పెదవులు కొంచెం విడదీశాను. లోపలికి గాలి పోయిన చప్పుడు స్పష్టంగా వినిపించింది, మా అబ్బాయి కూడా విన్నాడు. ఎడమ పెదవి మీద పాత గాటు ఉంది, ఈతప్పటిది అనుకుంటా.

ఇంకోటి ఇప్పుడే తట్టింది. దౌడు తీయిస్తున్నప్పుడు వెనకనుంచి పిచిక్ పిచిక్‌మని చప్పుడు వచ్చేది. రెండు మూడేళ్ళుగా వింటున్నాను. పొట్టలో గాలి అనుకున్నాను.


పాలకొల్లు_పశువైద్యురాలు:

బాబూ, సగం జవాబు మీరే రాసేశారు. ఆ చప్పుడే మీ సమస్యకు మూలం అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఆడగుర్రానికి గర్భసంచి దాకా మూడు తలుపులు ఉంటాయి. బయట మానం పెదవులు, మధ్యలో యోని మొదట్లో ఒక బిగువు, లోపల గర్భసంచి ముఖం. బయటి తలుపు వాలిపోయి పెదవులు సరిగ్గా ఆనకపోతే నడిచిన ప్రతిసారీ గాలి లోపలికి పోతుంది. గాలితోపాటు పేడ నలుసులు. అలా ఏళ్ళ తరబడి పోతుంటే ఎన్ని మందులు పోసినా వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికే. గట్టు తెగినచోట పూడ్చకుండా చేలో నీరు తోడినట్టు ఉంటుంది.

దీనికి చిన్న ఆపరేషన్ ఉంది. అమెరికాలో కాస్లిక్ అనే పశువైద్యుడు 1937లో దీని గురించి రాశారు, ఆయన పేరుతోనే ఇప్పటికీ ప్రపంచమంతా పిలుస్తారు. తిమ్మిరి సూది వేసి, మానం పైభాగం అంచుల నుంచి సన్నని చర్మపు పోగు తీసి కుడతారు. మూత్రం పోవడానికి కింద దారి ఉంచుతారు. నిలబెట్టే చేస్తారు. గాలి పోవడం ఆగితే చాలా గుర్రాలకు మిగతా వాపు తగ్గడం మొదలవుతుంది. రెండు విషయాలు మాత్రం మర్చిపోకూడదు. మగ గుర్రంతో దాటించేముందు ఆ కుట్టు తగినంత విప్పాలి. చూలు నిలిస్తే ఈనడానికి కొన్ని వారాల ముందే విప్పాలి, లేకపోతే పిల్ల వచ్చేటప్పుడు చిరిగిపోతుంది. గుర్రం చూలు సుమారు 340 రోజులు కాబట్టి పది నెలలు నిండగానే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

అయితే కుట్టేముందు లోపలి సంగతి తేలాలి. యాంటీబయాటిక్ ఆపి కనీసం రెండు మూడు వారాలు గడవనివ్వండి. ఎద మొదలైన మొదటి రోజుల్లో, గర్భసంచి ముఖం తెరుచుకుని ఉన్నప్పుడు, తొడుగు ఉన్న పుల్లతో లోపలి నమూనా తీయించాలి. తొడుగు లేకుండా తీస్తే యోనిలోని చెత్త అంటుకుని తప్పు ఫలితం వస్తుంది. ఆ నమూనాతో రెండు పనులు చెయ్యాలి. ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో, దానికి ఏ మందు పనిచేస్తుందో ఒకటి. మైక్రోస్కోపు కింద వాపు కణాలు ఉన్నాయా అన్నది రెండోది. గుర్రాల్లో ఎక్కువగా దొరికేవి స్ట్రెప్టోకాకస్, ఈ కోలై. వాపు కణాలు లేకుండా సూక్ష్మజీవి మాత్రం కనపడితే అది బయటిది కావచ్చు, దానికి మందు పోసేయకూడదు.

గౌరి వయసూ చరిత్రా చూస్తే, గర్భసంచి గోడ ముక్క తీసి పరీక్ష చేయించడం కూడా అవసరం. ఆ గోడలో మచ్చ ఎంత ఉందో అదొక్కటే చెప్తుంది. ఫలితాన్ని మూడు మెట్లుగా చెప్తారు. మొదటి మెట్టు అయితే, సరిగ్గా చూసుకుంటే, 80 శాతానికి పైగా పిల్ల దక్కుతుంది. రెండోదాన్ని రెండుగా చీలుస్తారు. పైది 50 నుంచి 80, కిందిది 10 నుంచి 50. మూడోది పదికి లోపు. వాపును తగ్గించగలం, మచ్చను మాత్రం ఎవరూ తీసెయ్యలేరు. మూడో మెట్టు అని వస్తే గౌరిని ఇబ్బంది పెట్టకండి అని నేనే చెప్తాను. అది తెలియకుండా "వదిలెయ్యండి" అనడం మాత్రం నాకు నచ్చలేదు.

ఈ పరీక్షలన్నీ పల్లెల్లో కుదరవు. గన్నవరం వెటర్నరీ కాలేజీలో గర్భకోశ వ్యాధుల విభాగం ఉంది. ముందు ఫోన్ చేసి, గుర్రం అని స్పష్టంగా చెప్పి, ఏ రోజు రమ్మంటారో కనుక్కుని వెళ్ళండి.

దాటించే పద్ధతి గురించి కూడా చెప్పాలి. గేదె ఎద ఒక్క రోజు. గుర్రం ఎద 5 నుంచి 7 రోజులు, అండం విడుదలయ్యేది చివరి ఒకటి రెండు రోజుల్లో. మీరు రెండో రోజు, మూడో రోజు దాటించారు. చాలావరకు ముందే అయిపోయింది. ఇలాంటి గుర్రానికి ప్రతి దాటింపూ లోపలికి ఒక చెత్తబుట్ట దించినట్టే, ఎక్కువసార్లయితే నష్టమే. స్కానులో అండం సంచి 35 మిల్లీమీటర్లు దాటాక, విడుదలయ్యే సూది ఇచ్చి, ఒక్కసారి దాటించాలి. నాలుగు గంటలు గడిస్తే కావలసిన వీర్యకణాలు గొట్టంలోకి చేరిపోతాయి. ఆ తర్వాత డాక్టరు శుద్ధమైన సెలైన్‌తో, లీటరు చొప్పున, తిరిగి వచ్చే నీరు తేటపడేదాకా కడగాలి. తర్వాత ఆక్సిటోసిన్ చిన్న మోతాదులో, 10 నుంచి 20 యూనిట్లు, కొన్ని గంటలకోసారి. అది గర్భసంచిని ముడుచుకునేలా చేసి మిగిలింది తోసేస్తుంది. గౌరికి కావలసింది ముఖ్యంగా ఇదే. నీరు దిగడం.

14 నుంచి 16 రోజుల మధ్య స్కాను తప్పనిసరి. కవలలుంటే అప్పుడే కనపడాలి. గుర్రానికి కవలలు ప్రమాదం.


పాత_జట్కా_బండి:

నాకు 68 ఏళ్ళు. తణుకులో ముప్పై ఏళ్ళు బండి తోలాను. మనవరాలు టైపు చేస్తోంది. ఆ పిచిక్ చప్పుడు నాకు బాగా తెలుసు. మేమెవ్వరం దాన్ని జబ్బు అనుకోలేదు. ఇప్పుడు డాక్టరమ్మ చెప్పాక వెనక్కి తిరిగి లెక్కేసుకుంటే, ఆ చప్పుడు వచ్చిన గుర్రాలు ఏవీ సరిగ్గా ఈనలేదు. మా దగ్గర రెండు ఉండేవి, "గొడ్డువి" అని అమ్మేశాం.

నేను గమనించిందొకటి చెప్తాను. ఒళ్ళు తగ్గినప్పుడే ఆ చప్పుడు ఎక్కువయ్యేది. ఎండల్లో పని ఎక్కువై, మేత తగ్గి, తోక కింద కండ కరిగి గుంట పడేది. ఉలవ గుగ్గిళ్ళు, పచ్చగడ్డి సరిగ్గా పడి ఒళ్ళు తిరిగితే చప్పుడు తగ్గేది. బాబూ, వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలకు రోజూ తిప్పి ఉంటావు. గుర్రం ఎదకు వచ్చేదీ అదే కాలం. ఒక్క ఏడు పెళ్ళిళ్ళ డబ్బు వదులుకో. పేడ అంటితే వెంటనే మామూలు నీళ్ళతో కడుగు, డెటాల్ గట్రా వెయ్యకు.


పాలకొల్లు_పశువైద్యురాలు:

తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ గుంటలో కొవ్వు, కండ తగ్గితే మలద్వారం లోపలికి జారి మానాన్ని తనతో లాగుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న మాటే, కానీ మీరు కళ్ళతో చూసి నేర్చుకున్నారు.


గౌరి_రాజోలు:

రెండు నెలల తర్వాత రాస్తున్నాను. అందరూ అడిగారు కదా.

గన్నవరం వెళ్ళొచ్చాం. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, ఎండ ముదరకముందే చేరాం. పుల్లతో నమూనా తీశారు. గోడ ముక్క కూడా తీశారు, చిక్కుడు గింజలో సగం ఉంటుంది. నేను కళ్ళు మూసుకున్నాను గానీ గౌరి కదల్లేదు. అక్కడ నొప్పి పెద్దగా తెలియదని చెప్పారు. స్ట్రెప్టోకాకస్ పెరిగింది, వాపు కణాలు కూడా బాగా ఉన్నాయి. బూజు లేదు. ముక్క పరీక్షలో రెండో మెట్టు, కింది సగం. 10 నుంచి 50. వినగానే గుండె జారింది, కానీ మూడోది కాదు కదా అనుకున్నాను.

ఆ ఎదలోనే మూడు రోజులు సెలైన్‌తో కడిగి, పరీక్షలో పనిచేస్తుందని తేలిన మందు ఒక్కటే ఇచ్చారు. నేను పక్కనే ఉండి బకెట్ పట్టుకున్నాను. మొదటి రోజు తిరిగి వచ్చిన నీళ్ళు బియ్యం కడిగినట్టు, అడుగున తెల్లటి తునకలు. రెండో రోజు పలచబడ్డాయి. మూడో రోజు చివరి లీటరు లేత కొబ్బరినీళ్ళలా వచ్చింది. డాక్టరు గారు బకెట్ వెలుతురులోకి వంచి చూపించి "చూడండి" అన్నారు. ఆ బకెట్ అక్కడ వదిలి రాబుద్ధి కాలేదు.

తర్వాత కుట్టు వేశారు. పది రోజులకు దారాలు తీశారు. దౌడు తీయించలేదు గానీ నడకలో చప్పుడు లేదు. మెల్లిగా గట్టు మీద నడిపించి, పక్కనే నడుస్తూ చెవి పెట్టి మరీ విన్నాను. తోక వెంట్రుకలు పొడిగా ఉన్నాయి. జ్యేష్ఠంలో ఒప్పుకున్న నాలుగు ఊరేగింపులూ వదిలేశాను, అడ్వాన్సులు తిరిగిచ్చేశాను.

డాక్టరమ్మ గారూ, ఇంకో ఎదకు వెంటనే దాటించమంటారా, ఆగమంటారా? శ్రావణం పెళ్ళిళ్ళకు అడుగుతున్నారు, పంపొచ్చా?


పాలకొల్లు_పశువైద్యురాలు:

ఆగండి. ఆ పొర తేరుకోవాలి, ఒళ్ళు పట్టాలి. వచ్చే మాఘం దాకా ఆగడమే మేలు. పగటి వెలుగు పెరిగే కాలం దానికీ అనుకూలం. శ్రావణంలో దగ్గర ఊళ్ళలో నెమ్మది నడక ఊరేగింపు ఒకటో రెండో అయితే పర్వాలేదు, బాణసంచా ఉన్నవి వద్దు, వరసగా రెండు రాత్రులు వద్దు. కార్తీకంలో ఒకసారి మళ్ళీ నమూనా తీయించండి, నీరు చేరిందేమో స్కాను చేయించండి. 10 నుంచి 50 అన్నది చిన్న అవకాశమే, లేదనను. చూలు నిలిచినా మధ్యలో జారిపోయే ప్రమాదం మిగతా గుర్రాలకంటే ఎక్కువ. అది తెలిసే ఒక్క ఏడు ప్రయత్నిద్దాం, రెండో ఏడు గురించి అప్పుడు ఆలోచిద్దాం.

మాఘంలో ఎద కనిపించిన మొదటి రోజే నాకు రాయండి. మూడో రోజు నుంచి స్కాను చేస్తూ చూద్దాం. నా దగ్గర చిన్న మిషను ఉంది. మీరు పంటు ఎక్కేముందు ఒక మాట చెప్తే నరసాపురం రేవులో ఉంటాను.